ఉండేలు: చెంప దగ్గర ఆపి కొట్టాలా, చేయి పూర్తిగా చాచి లాగాలా?

ఆదోని జొన్నచేను:
ఈ వేసవిలో మా ఊరి పిల్లలకు ఖాళీ డబ్బాలను కొట్టే ఉండేలు పోటీ పెట్టాలనుకుంటున్నాము. రబ్బరును చెంప వరకే లాగి వదలడం నేర్పాలా, లేక చేతిని వీపు వెనక దాకా చాచి లాగడం నేర్పాలా అన్న దానిపై పెద్దల్లోనే మాట కుదరడం లేదు. దయచేసి మీ అభిప్రాయాలు తెలపండి.

గుత్తి కోట:
పూర్తిగా చాచి లాగడమే మేలు. లాగుడుకు తగిన పొడవున్న రబ్బరు కట్టుకుంటే ఉండకు వేగం బాగా పెరుగుతుంది, వేగం పెరిగిన ఉండ దారిలో తక్కువగా దిగుతుంది, గాలికీ తక్కువగా పక్కకు పోతుంది. మన వైపు వేసవి గాలి ఎరిగినవారు దీన్ని చిన్న లాభమనరు.

పులివెందుల పాతకాపు:
గుత్తి అన్నగారి మాట నిజమే కానీ, అసలు చిక్కు వేగంలో లేదు. సెకనుకు 50 మీటర్ల వేగంతో పోయే ఉండ 10 మీటర్ల దూరంలో సుమారు 20 సెంటీమీటర్లు దిగుతుంది, 70 మీటర్ల వేగంతో పోయేది 10 సెంటీమీటర్లు దిగుతుంది. ఈ దిగుడు ప్రతిసారీ ఒకేలా ఉంటే పిల్లవాడు నాలుగు రోజుల్లో దానికి అలవాటు పడతాడు. లాగుడు ఒకసారి జానెడు ఎక్కువ, ఒకసారి జానెడు తక్కువ అయితే మాత్రం ఏ అలవాటూ కుదరదు. బొటనవేలి కణుపు చెంప ఎముకకు తగిలిందంటే లాగుడు సరిపోయిందని చేతికే తెలుస్తుంది, వెనక్కి చాచిన చేతికి అలాంటి గుర్తు ఏదీ లేదు. పైగా పంగను అడ్డంగా తిప్పి పట్టుకుంటే రెండు పట్టీలూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. అప్పుడు పై పట్టీ వెంబడి చూస్తూ పంగ పైకొసను డబ్బాకు సూటిగా నిలిపితే కుడి ఎడమల తప్పు చాలావరకు పోయి, ఎత్తు ఒక్కటే చూసుకోవలసి ఉంటుంది.

గుత్తి కోట:
10 మీటర్లకు ఒప్పుకుంటాను. 20 మీటర్లకు ఆ దిగుడు నాలుగింతలై 80, 40 సెంటీమీటర్లవుతుంది. దూరాన్ని కంటితో అంచనా కట్టడంలో రెండు మీటర్లు పొరబడితే నిదానపు ఉండ 16 సెంటీమీటర్లు తప్పుతుంది, వేగమున్నది అందులో సగమే తప్పుతుంది.

పులివెందుల పాతకాపు:
చేలో అది పెద్ద లాభమే. పోటీలో దూరం కొలిచి గీత గీస్తారు కనుక అంచనా ప్రసక్తే రాదు. ఆదోని వారికి మరొక్క మాట: సైకిల్ ట్యూబు లేటెక్సు పట్టీ అంత సాగదు కాబట్టి దాన్ని కాస్త పొడవుగా కత్తిరించి కట్టండి, పగుళ్లు కనబడిన పట్టీని ఆ రోజే తీసేయండి, ఎందుకంటే చెంప దగ్గర తెగిన రబ్బరు నేరుగా కంటికే తగులుతుంది. ప్రతి పిల్లవాడికీ కళ్లను కాపాడే రక్షణ అద్దాలు తప్పనిసరి చేయండి. గులకరాళ్లకు బదులు ఎండిన పుట్టమన్ను ఉండలు ఇస్తే అవి డబ్బాకు తగిలి పగిలిపోతాయే గాని తిరిగి ఎగిరి రావు.