గట్టు మీద పక్కవారు ఉన్నప్పుడు మేత ఎంత వేయాలి, ఎలా వేయాలి? కార్పు వేటలో మీ అనుభవాలు చెప్పండి

తామరాకు:
అందరికీ నమస్కారం. మొన్న తెల్లవారుజామున జరిగిన ఒక సంగతి నన్ను ఇంకా వదలడం లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. వెలుగు రాకముందే గట్టు చేరుకుని, బంగారుతీగలు (కామన్ కార్పు చేపలు) అడుగు మట్టిని కెలుకుతున్న చోటు ఒకటి చూసుకున్నాను. చిన్న చిన్న బుడగలు గుంపుగా పైకి వచ్చి పగులుతూ, ఆ గుంపు మెల్లగా జరుగుతూ ఉంటే అక్కడ అవి మేస్తున్నాయని అర్థం. ఉడికించిన మొక్కజొన్న గింజలను పది నిమిషాలకొకసారి గుప్పెడు చొప్పున అక్కడే జల్లుతూ రెండు గంటలు కూర్చున్నాక, నిలబడి ఉన్న బెండు మొదటిసారి పైకి లేచి పక్కకు వాలింది. సరిగ్గా అప్పుడే మరొకరు వచ్చి, నాకు పదిహేను అడుగుల దూరంలో సామాను దించి, ఒక్క మాటైనా అడగకుండా కొబ్బరికాయంత తవుడు ముద్దలను ఇరవై దాకా నా బెండుకు అటూ ఇటూ విసిరారు. బుడగలు ఆగిపోయాయి. మధ్యాహ్నం దాకా నాకూ ఏమీ పడలేదు, ఆయనకూ ఏమీ పడలేదు.

ఆయన కావాలని చెడగొట్టారని నేను అనుకోవడం లేదు, నీళ్ళు నా ఒక్కడివీ కావు. అయితే ఒకే నీటిలో ఇద్దరు ముగ్గురు గాలాలు వేసినప్పుడు మేత ఎంత వేయడం సబబు, పక్కవారి తీరు ఇబ్బందిగా ఉంటే ఆ మాట ఎలా చెప్పాలి అన్న రెండు విషయాలూ అనుభవం ఉన్నవారి నుంచి తెలుసుకోవాలని ఉంది.

పాతగాలం:
తామరాకు గారూ, ముందు మేత సంగతి చెబుతాను, ఎందుకంటే గట్టు మీద మర్యాద నోటి మాటకంటే ముందు చేతిలోని మేతతోనే మొదలవుతుందని ఇన్నేళ్ళలో నాకు తెలిసివచ్చింది. బంగారుతీగకు మనకున్నట్టు జీర్ణాశయం లేదు. మింగినది గొంతు దాటగానే నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. అందువల్ల అది ఒకేసారి మెక్కి పడుకునే చేప కాదు, కొంచెం కొంచెంగా ఏరుకుంటూ గంటల తరబడి తిరిగే చేప. దవడల్లో పళ్ళు లేకపోయినా గొంతులో నమిలే పళ్ళున్నాయి, నత్తగుల్లలను కూడా వాటితో నలిపేస్తుంది. నోటి పక్కనున్న రెండు జతల మీసాలూ, పెదవులూ రుచి చూస్తాయి. గుప్పెడు గింజలు అడపాదడపా పడుతూ ఉంటే అది వెతుకుతూ అక్కడక్కడే తచ్చాడుతుంది, ఆ వెతుకులాటలోనే ముల్లున్న గింజను కూడా నోట పెట్టుకుంటుంది. బుట్టెడు మేత ఒకేసారి కుమ్మరించిన చోట, అన్ని గింజల మధ్య మన ఒక్క గింజ దాని నోటికి అందే వీలు ఎంతో మీరే ఆలోచించండి.

ఇక చప్పుడు సంగతి. కార్పు జాతి చేపల్లో, నీటిలో తేలడానికి తోడ్పడే గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల వరుస ఒకటి ఉంటుంది, అందుచేత ఇవి చాలా రకాల చేపలకంటే బాగా వింటాయి. లోతు తక్కువగా ఉన్న చోట మేస్తున్న మంద మీద కొబ్బరికాయంత ముద్ద పడితే అది బెదిరి పోవడంలో వింత లేదు. గట్టు మీద దబదబా నడిచినా, డబ్బా మూత ధన్‌మని వేసినా ఆ అదురు నీటిలోకి దిగుతుంది.

నా లెక్క ఇది. నీరు 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండి, చేపలు చురుగ్గా మేస్తున్న ఉదయం నేను ఒక్కడినే ఉంటే మొత్తం మీద ఒక కేజీ గింజల దాకా వాడతాను. నీరు చల్లబడి 10 డిగ్రీల దగ్గరికి దిగితే రెండు గుప్పెళ్ళు కూడా ఎక్కువే, వాటి అరుగుదల అప్పుడు బాగా మందగిస్తుంది. పక్కన ఇద్దరు ఉన్నారంటే మాత్రం నా వంతును మూడో భాగానికి తగ్గించుకుంటాను. గట్టు మీద మేము ముగ్గురమైనా నీటిలో మేసే మంద ఒకటే. ముగ్గురం ఎవరికి వారు కేజీ చొప్పున వేస్తే దాని ముందు మూడు కేజీలు పడినట్టే. పక్కవారి మేతను కూడా నా మేతగానే లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాక నాకు చేపలు ఎక్కువ పడ్డాయే కానీ తగ్గలేదు.

రేవుదారి:
ఆ మాట ఎలా చెప్పాలన్న దానికి నేను చేసేది చెబుతాను. కొత్త చోటికి వెళ్ళినప్పుడు సామాను గట్టుకు వెనకగా దించి, అప్పటికే కూర్చున్నవారి వెనక నుంచి నడిచి వెళ్ళి, వారి బెండు కదులుతూ ఉంటే అది నెమ్మదించే వరకు నిలబడి, ఆ తరువాతే పలకరిస్తాను. "దారాలు ఎటు వేశారండీ, మేత ఎక్కడ వేస్తున్నారు?" అని అడిగితే దాదాపు అందరూ సంతోషంగా చెయ్యి చాచి చూపిస్తారు. ఈ ప్రశ్న తప్పనిసరి, ఎందుకంటే గాలం కర్ర ఒకవైపు చూస్తున్నా, గాలికీ నీటి ఒరవడికీ దారం లోపల ఇంకోవైపు జరిగి ఉండవచ్చు.

నేనే ముందు వచ్చి, తరువాత వచ్చినవారు అడగకుండా వేసేస్తే, వారు రెండో ముద్ద పిసికే లోపే లేచి దగ్గరికి వెళతాను. గట్టు మీద నుంచి కేకలు వేయను. "నా దారం ఆ ఎండుకొమ్మకు ఈవల ఉందండీ, మీరు దానికి ఆవల వేసుకుంటే ఇద్దరికీ చిక్కు పడదు" అంటాను. వారు చేసిన తప్పేమిటో చెప్పకుండా, వేయదగిన చోటు ఏదో చూపించడం వల్ల ఎదుటివారికి చిన్నతనంగా ఉండదు. ఇంతవరకు ఈ మాటకు కసిరినవారు నాకు ఒక్కరే తగిలారు, ఆ రోజు నేనే ఇంకో చోటికి జరిగాను. తామరాకు గారు మధ్యాహ్నం దాకా మౌనంగా కూర్చోవడమే నాకు బాధ కలిగించింది. మీరు చెప్పి ఉంటే ఆయన తప్పక విని ఉండేవారని నా నమ్మకం.

నల్లరేగడి:
ముందు వచ్చినవారిదే చోటు అన్నది సరే, కానీ ముందుగా మేత వేసి పోయినవారి సంగతి ఏమిటి? నేను ఒకసారి వరుసగా మూడు సాయంత్రాలు ఒకే చోట గింజలు వేసి, చేపలు అలవాటు పడ్డాయనుకుని నాలుగో రోజు వేకువన వెళ్ళేసరికి ఒక పెద్దాయన అక్కడ కూర్చుని అప్పటికే రెండు చేపలు తీసి ఉన్నారు. మనసు చివుక్కుమంది. అయితే మూడు రోజులు నేను మేత వేసిన సంగతి ఆయనకు తెలిసే దారే లేదు, నీటి మీద పేరు రాసి పోలేదు కదా. నేను కోపం లేకుండా ఆ విషయం చెబితే ఆయన కొంచెం జరిగి, "రెండో కర్ర నేను తీసేస్తాను, నువ్వు ఇటు కూర్చో బాబూ" అన్నారు. చోటు కూర్చున్నవారిదే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఖాళీ సంచీ పెట్టి, కర్ర గుచ్చి, రెండు గంటలు ఎటో పోయి వచ్చి నా చోటు అనడం మాత్రం ఎవరికీ తగదు.

ఇత్తడిగిన్నె:
మేత ఎంత అన్నదానితో పాటు ఎలాంటిది అన్నది కూడా పక్కవారికి సంబంధించిన విషయమే. ఎండు మొక్కజొన్న, శనగలు, బఠాణీలు ఉడకకుండా నీళ్ళలో పోసేవారిని చూశాను. ఎండుగింజ నీరు పీల్చి ఉబ్బుతుంది. ఆ ఉబ్బడం గిన్నెలో జరగాలి కానీ చేప పేగులో జరగకూడదు. నేను మొక్కజొన్నను ఒక రోజంతా నానబెట్టి, అదే నీటిలో అరగంటకు తక్కువ కాకుండా ఉడికిస్తాను. దించిన తరువాత ఒక గింజను బొటనవేలి గోటితో నొక్కి చూడాలి: పైపొర పగిలి, లోపలి పిండి మెత్తగా బయటికి వస్తే సరి, గోరు జారిపోతే మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. ఉడికించిన నీటిని పారబోయవద్దు, తీపీ రుచీ అందులోకే దిగి ఉంటాయి; చల్లారాక గింజలను అందులోనే మరో రోజు ఉంచితే కొంచెం జిగురు కట్టి, పులిసిన వాసన వస్తుంది, బంగారుతీగలు దాన్ని ఇష్టపడతాయి. బూజు పట్టిన వేరుశనగ గింజలను ఎంత చవకగా దొరికినా ముట్టవద్దు. ఆ బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం ఉడికించినా పూర్తిగా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మిగిలిన మేతను నీటిలో గుమ్మరించి పోవడం నాకు అన్నిటికంటే కష్టంగా తోస్తుంది. తినకుండా మిగిలినది అడుగున కుళ్ళి, నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును లాగేస్తుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరగగలిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే కరుగుతుంది, అందులోనూ తెల్లవారుజామున అది బాగా తగ్గి ఉంటుంది. మనం సాయంత్రం పారబోసిన తవుడు తరువాతి ఉదయం వచ్చేవారి వేటను చెడగొడుతుంది. ఆ మనిషిని మనం చూడనైనా చూడం.

మెత్తనిముద్ద:
చిన్న ప్రశ్న. నా పిండి ముద్ద విసిరేటప్పుడే ముల్లు నుంచి ఊడిపోతోంది. గట్టిగా కలిపితే చేప ముట్టడం లేదు. దారి చెప్పగలరా?

ఇత్తడిగిన్నె:
పిండిలో ఉడికించిన బంగాళాదుంప కొంచెం మెదిపి కలపండి, చిటికెడు దూదిని పోగులు పోగులుగా విడదీసి అందులో కలిపి బాగా మర్దించండి. ముద్ద మెత్తగానే ఉంటుంది, పోగులు దాన్ని ముల్లు మీద పట్టి ఉంచుతాయి. ఊడిపోతోందని మాటిమాటికీ విసరడం తగ్గితే పక్కవారికి కూడా నెమ్మది.

గట్టి గింజలకూ, బాయిలీలు అనే ఉడికించిన గుండ్రటి పిండి ఉండలకూ అయితే ఎరను ముల్లుకు గుచ్చకుండా, ముల్లు వంపు నుంచి చిన్న పోగుకు వేలాడదీసే పద్ధతి ఉంది. ఇంగ్లండులో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు వేటగాళ్ళు సుమారు 1980 నాటికి దీన్ని రూపొందించారు. తొలుత నిజంగా తలవెంట్రుకనే వాడారు కనుక హెయిర్ రిగ్ అనే పేరు నిలిచింది. బంగారుతీగ ఎరను లోపలికి పీల్చి, అనుమానం వస్తే ఊదేస్తుంది. ఎర విడిగా వేలాడుతూ ఉంటే, ఊదేటప్పుడు ఖాళీగా ఉన్న ముల్లు పెదవికి తగులుకుంటుంది.

ఒంటికర్ర:
పక్కవారికి చేప తగిలినప్పటి సంగతి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను. పెద్ద చేప తగిలి పక్కకు పరుగు తీస్తే, దాని దారిలో ఉన్న మన దారాన్ని వెంటనే చుట్టేసుకోవాలి, మనకు కూడా అప్పుడే బెండు కదులుతున్నా సరే. చేతివల పట్టడానికి మాత్రం పిలిస్తేనే వెళ్ళాలి. నేను కుర్రతనంలో పిలవకుండా పరుగెత్తుకెళ్ళి, ఒకరి చేప మీదికి వలను పొడిచినంత పని చేశాను. వల అంచు దారానికి తగిలి దారం తెగింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కాసేపటి తరువాత ఖాళీ వలను నీటిలో ముంచి చూపించి, "వల కదలకూడదు, చేపనే వల మీదికి తేవాలి, తల అంచు దాటాక అప్పుడు ఎత్తాలి" అని నేర్పించారు. ఇప్పుడు నేను ఎవరికి వల పట్టినా ముందు దాన్ని నీటిలో ముంచి, కదలకుండా పట్టుకుని, ఎత్తమని వారు చెప్పేదాకా ఆగుతాను. వదిలేయదలచిన చేపనైతే తడిచేతులతోనే పట్టుకోవాలి, పొడిచేతులకు దాని ఒంటి జిగురు ఊడి వస్తుంది. తెగిన నైలాన్ దారాన్ని గట్టు మీద వదలకుండా జేబులో వేసుకోండి, పిట్టల కాళ్ళకు చుట్టుకుంటే అవి విడిపించుకోలేవు.

పాతగాలం:
ఒక మాట కలుపుతాను. కార్పులన్నీ ఒకే చోట మేయవు. బొచ్చె పై నీటిలో, శీలావతి నడి నీటిలో, ఎర్రమోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి. తామరాకు గారి పక్కన కూర్చున్నాయన ఏ చేప కోసం వచ్చారో మనకు తెలియదు.

తామరాకు:
అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. పాతగాలం గారి చివరి మాట చదివాక మళ్ళీ అదే గట్టుకు వెళ్ళాను, అదృష్టవశాత్తు ఆయనే అక్కడ ముందుగా వచ్చి ఉన్నారు. రేవుదారి గారు చెప్పినట్టే వెనక నుంచి వెళ్ళి, ఆయన బెండు నిలిచేదాకా ఆగి పలకరించాను. ఆయన బొచ్చె కోసం వచ్చారట. తవుడు ముద్ద నీటిలో దిగుతూనే విడిపోయి పొగలా పరుచుకోవాలని, ఆ పొగలోకి బొచ్చెలు పైనుంచి వస్తాయని చెప్పి, ఒక ముద్దను గట్టు అంచున వదిలి చూపించారు. నిజంగానే అది అడుగు చేరకముందే సగం కరిగి, లేత గోధుమ రంగు తెరలా సాగింది. నేను బంగారుతీగల కోసం అడుగున గింజలు వేస్తున్నానని ఆ రోజు ఆయనకు తెలియదు. బుడగలు కనిపించాయి కానీ వాటి గురించి ఆలోచించలేదు అన్నారు.

ఆయన లోతు నీటి వైపు నడి నీటిలో బెండు పెట్టుకుని, నిమ్మకాయంత ముద్దలను విసరకుండా చేతివల పిడికి కట్టిన చిన్న గిన్నెతో నీటి మీదికి దించారు. నేను ముప్పై అడుగులు ఇవతల, గట్టుకు దగ్గరగా, గుప్పెడు గుప్పెడు గింజలతో కూర్చున్నాను. పది గంటల లోపు నాకు రెండు బంగారుతీగలు పడ్డాయి, రెండోదానికి ఆయనే వల పట్టారు. ఆయనకు మధ్యాహ్నం దాటాక ఒక బొచ్చె తగిలింది, అది నా వైపు పరుగెడుతుంటే నేను దారం చుట్టేసుకుని నిలబడ్డాను. మిగిలిన తవుడును ఆయన సంచిలో మూటకట్టుకున్నారు. వచ్చే ఆదివారం ఆయన కూడా మొక్కజొన్న ఉడికించి తెస్తానన్నారు, నానబెట్టే లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను.