పటాటోపమా, ఫటాటోపమా?

అరసున్న:
మూడు రోజులుగా ఒక శ్లోకం గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. “నిర్విషేణాపి సర్పేణ కర్తవ్యా మహతీ...” అక్కడ ఆగిపోతున్నాను. విషం లేకపోయినా పాము పెద్ద పడగ విప్పాలి, ఆ పడగ ఆర్భాటమే భయపెడుతుంది అని భావం. తర్వాత ఫణానా, ఫటానా? చివర “ఫటాటోపో భయంకరః” అని మా మాస్టారు చదివినట్టు గుర్తు. అదే నిజమైతే మనం రోజూ అనే పటాటోపం ఇదేనా? లేక గోచిని కాపాడుకోబోయి సంసారంలో పడ్డ సన్యాసి కథలో, “కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః” అన్నచోట ఉన్న పటాటోపం వేరు, పాము పడగ వేరూనా?

ఇది ఎక్కడ మొదలైందంటే, ఆఫీసు పని మీద ఫ్రాన్స్‌లోని దిజోన్ వచ్చాను. ఆదివారం సెయింట్ బెనీన్య చర్చికి వెళ్తే అక్కడ పోలండ్ రాజకుమారుడు వ్లాదిస్లావ్ సమాధి పలక ఉంది. పోలిష్‌లో బియావీ, లాటిన్‌లో ఆల్బుస్ అని ఆయనకు పేరు. తెల్లవాడన్నమాట. కుయావీ సీమలో గ్నియెఫ్కోవో అనే చిన్న సంస్థానం ఆయనది. భార్య పోయింది, పిల్లలు లేరు. ఉన్నది కాస్తా పోలండ్ మహారాజు కజిమీర్‌కు 1000 ఫ్లోరిన్లకు అమ్మేసి, తీర్థయాత్రలు తిరిగి, 1366లో సీతో మఠంలో చేరాడు. ఏడాదికల్లా అదీ వదిలి దిజోన్ మఠానికి వచ్చాడు. 1370లో కజిమీర్ మగసంతానం లేకుండా పోయేసరికి సన్యాసికి కిరీటం గుర్తొచ్చింది. 1373లో కొద్దిమందిని వెంటేసుకుని వెళ్లి నాలుగు కోటలు పట్టాడు. డబ్బు లేదు, సైన్యం లేదు, పడగ మాత్రం ఉంది. అప్పుడే ఈ శ్లోకం తగులుకుంది.

బండి ఱ:
రెండు పాఠాలూ ఉన్నాయండీ. పంచతంత్రం ప్రతుల్లో మహతీ ఫణా, మహతీ ఫటా రెండూ కనిపిస్తాయి. అమరంలో “స్ఫటాయాం తు ఫణా ద్వయోః”, అంటే స్ఫటా అన్నా ఫణా అన్నా పడగే. కాబట్టి అర్థం మారదు. కానీ కౌపీనం దగ్గర మాత్రం ముమ్మాటికీ పటాటోపమే. పటం అంటే గుడ్డ. గోచిగుడ్డను కాపాడుకోవడానికి ఇంత గుడ్డల ఆర్భాటమా అని చమత్కారం. అక్కడ పామును దూర్చితే కథ చెడుతుంది.

కృష్ణలంక:
మాస్టారూ, గుడ్డల ఆర్భాటం ఎక్కడుందండీ ఆ కథలో? ఎలుక, పిల్లి, ఆవు, పెళ్లాం. ఒక్క పందిరి గుడ్డ కూడా లేదు. ఫటాటోపం మన నోట్లో ఒత్తు పోగొట్టుకుని పటాటోపం అయింది, అంతే. ఫలహారం పలారం కాలేదా?

బండి ఱ:
పలారం నోటి మాట. రాసేటప్పుడు ఫలహారమనే రాస్తాం. పటాటోపానికి రాతలో కూడా ఒత్తు లేదు, గమనించారా?

కృష్ణలంక:
అంటే రాసేవాళ్లు కూడా మరిచిపోయారని అర్థం :) ఇప్పటి పిల్లలు ఫణిని ఫ్యానులో ఫ లాగా పలుకుతున్నారు. ఇంకో వందేళ్లకు మీలాంటి మాస్టారు ఒకరు అదే సాధువని వాదిస్తారు.

వరసలత్త:
మీ ఒత్తుల గొడవ అలా ఉంచి, ఆ సింహాసనం మీద ఎవరు కూర్చున్నారో చెప్పరేం? కజిమీర్ అక్కగారి కొడుకు లూయీ, హంగరీ రాజు. అంటే మేనల్లుడు. మన తెల్లాయన మగసంతతిలో పుట్టినవాడు. ఈయన తాత, కజిమీర్ తండ్రి అన్నదమ్ములు, తల్లులు వేరు. కాబట్టి కజిమీర్‌కు ఈయన కొడుకు వరస. దాయాదికి దక్కాల్సింది మేనల్లుడికి పోయింది. మన ఊళ్లల్లో సగం కోర్టు కేసులు ఇవేగా. పైగా తెల్లాయన చెల్లెలో అక్కో బోస్నియా కోడలుగా వెళ్లింది, ఆమె కూతురే లూయీ భార్య. మేనకోడలి మొగుడితో పోరాడాడన్నమాట, అల్లుడితో.

అరసున్న:
అత్తా, మేనకోడలి మొగుడు అల్లుడెలా అవుతాడు? మేనకోడలు మన కొడుక్కి చేసుకునే పిల్ల. ఆమె మొగుడు కొడుకు వరస అవుతాడు.

వరసలత్త:
ఔను సుమా. నాలిక్కరుచుకున్నాను. అయితే కజిమీర్‌కు ఈయన కొడుకు, ఈయనకు లూయీ కొడుకు. మరీ బావుంది.

మూసీ ఒడ్డు:
పేరు మీద ఎవరూ పడలేదేం? ఫ్రెంచివాళ్ల నోట లాదిస్లాస్ లాన్సెలాట్ అయిపోతుంది. నేపుల్స్ రాజు లాదిస్లావ్‌ను కూడా వాళ్లు లాన్సెలాట్ రాజనే రాశారు. దిజోన్‌లో ఈయన్నీ అలాగే పిలిచేవారని చెబుతారు. అర్థం కాని పేరు వినబడితే తెలిసిన వీరుడి పేరు తగిలించేయడం. మా హైదరాబాద్‌లో నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచి సేనాని మొస్యూ రేమండ్, మూసా రాముడు కాలేదా? ముస్లిములకు మూసా రహీం, హిందువులకు మూసా రాముడు. మూసారాంబాగ్ మీదుగా రోజూ బస్సెక్కే నాకు ఈ లాన్సెలాట్ గారు బాగా దగ్గరివాడనిపించాడు. పటాటోపం కూడా అంతే. ఫట అంటే తెలియని జనం తెలిసిన పటాన్ని తగిలించుకున్నారు. ఇద్దరూ గెలిచారు, పోట్లాట ఆపండి.

బండి ఱ:
అలా మధ్యేమార్గం పట్టుకుంటే భాషాశాస్త్రం ఎందుకండీ. ఆధారం కావాలి.

కృష్ణలంక:
ఆధారం ఆ రాజుగారి చరిత్రలోనే ఉంది. ద్ర్వెంత్స నది విస్తులాలో కలిసే చోట, తోరున్ దగ్గర, జ్వోతోర్యా కోట. 1373లో పట్టిన నాలుగు కోటలూ చేజారాక 1375లో మళ్లీ వచ్చి దీన్ని పట్టుకుని కూర్చున్నాడు. వియెల్కోపోల్స్కా అధికారి సెంజివోయ్ సేనతో వచ్చి చుట్టుముట్టాడు. 1376లో దిగక తప్పలేదు. ఓడినవాడికి ఏమివ్వాలి? తల తీయాలి, లేదా చెరసాల. లూయీ ఏమిచ్చాడు? 10,000 ఫ్లోరిన్లు, హంగరీలో పన్నోన్‌హాల్మా మఠాధిపత్యం! అమ్మింది వెయ్యికి, పడగ విప్పినందుకు పది వేలు. విషం ఉన్నా లేకున్నా ఆటోపమే భయంకరం. దీనికంటే మంచి వ్యాఖ్యానం ఏ పండితుడు రాస్తాడు?

బండి ఱ:
అదే కథ నా వైపు కూడా పలుకుతుంది. మఠాధిపత్యం ఇచ్చినా అక్కడ నిలవలేదు, మళ్లీ దిజోన్ మఠానికే చేరాడు. సన్యాస దీక్ష విప్పించమని అవిన్యోన్ పోపుల చుట్టూ తిరిగాడు. చివరికి 1382లో, లూయీ పోయాక, ఏడవ క్లెమెంట్ విప్పాడు. దేనికి? 1384లో క్రాకోలో లూయీ చిన్న కూతురు యాద్వీగాకు పట్టం కట్టేశారు. ఈయన 1388లో స్ట్రాస్‌బుర్గ్‌లో పోయాడు. దిజోన్‌లోనే పాతిపెట్టారు. గుడ్డ కట్టడం, గుడ్డ విప్పడం, మళ్లీ కట్టడం. జీవితమంతా ఒక అంగీ చుట్టూ తిరిగింది. పటాటోపం కాక మరేమిటి?

అరసున్న:
మాస్టారూ, ఇది మాత్రం దెబ్బ.

పోతన పిచ్చి:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మీరంతా పడగ పట్టుకుని తెలుపును వదిలేశారు. బియావీని తెలుగులో ఏమంటారు? తెల్లవాడంటే దొరగారు గుర్తొస్తాడు. శ్వేత అంటే మా పక్కింటి అమ్మాయి. పాండురాజు బావుంటుంది, ఆయనా రాజ్యం వదిలి అడవికి పోయాడు. కాకపోతే ఆయన తిరిగొచ్చి కోటలు పట్టలేదు. తెలుపూ పడగా రెండూ ఒక్క మాటలో కావాలంటే పోతన గారి దగ్గర ఉంది.

శారదనీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికా
హార తుషార ఫేన రజతాచల కాశ ఫణీశ కుంద మం
దార...

చూశారా, రెల్లుపూలకూ మొల్లలకూ మధ్య ఫణీశుడు! తెల్లని ఆదిశేషుడు. ఇంతమంది తెల్లవాళ్లలో ఒకే ఒక్కడికి పడగలున్నాయి.

మూసీ ఒడ్డు:
ఇంతకీ ఆయన్ని తెల్లవాడని ఎందుకన్నారు? జుట్టు తెలుపనా, సీతో సన్యాసుల తెల్ల అంగీ వల్లా? అంగీ అయితే నాకు నచ్చదు. తెల్లంగీలో ఉన్నది ఏడాదో ఎంతో, మిగతాదంతా దిజోన్‌లో బెనెడిక్ట్ మఠం నల్లంగీయే.

వరసలత్త:
జుట్టే అయ్యుంటుంది. ఆ వంశంలో ప్రతివాడూ వ్లాదిస్లావే, ప్రతివాడూ కజిమీరే. గుర్తు కోసం ఏదో ఒకటి తగిలించాలిగా. కజిమీర్ నాన్న పొట్టివాడని ఆయన్ని మూరెడు అన్నారు. మన ఊళ్లో నల్ల సుబ్బారావు, ఎర్ర సుబ్బారావు, పొట్టి సుబ్బారావు ఉన్నట్టే.

కృష్ణలంక:
అత్త నిజం చెప్పింది. ఈ ముచ్చట్లు మనకు చెప్పిన అప్పటి పోలండ్ చరిత్రకారుడు యాన్కో కూడా లూయీ హయాంలో పదవి పోయిన పెద్దమనిషే. ఆయన చరిత్రలో ఎవరు ఎందుకు తెల్లగా కనిపిస్తారో ఎవరికి తెలుసు.

బండి ఱ:
పోతన పిచ్చి గారూ, అక్కడే ఆపేశారేం? మూడో పాదం “దార సుధాపయోధి సిత తామర సామరవాహినీ” అని చాలామంది తామర దగ్గర ఊపిరి తీసుకుంటారు. తప్పు. సితతామరస అంటే తెల్లతామర, అమరవాహినీ అంటే ఆకాశగంగ. స తామరసానిది.

పోతన పిచ్చి:
తెలుసు మాస్టారూ. కానీ యతి తా మీద పడింది, పాదం మొదటి దా కు ఈ తా చెల్లింది. పాడేవాడు తామర అని ఆగితే వినేవాడి చెవికి తామరపూవు కనిపిస్తుంది. తామరస అంటే నిఘంటువు కనిపిస్తుంది. ఆగనివ్వండి.

బండి ఱ:
ఆగితే సామరవాహిని ఏ నది?

పోతన పిచ్చి:
:)

అరసున్న:
నా ప్రశ్న ఎక్కడికో పోయింది. యతితోనైనా తేలుద్దామా? పటాటోపం యతిస్థానంలో పడ్డ పద్యం ఎవరికైనా గుర్తుందా?

బండి ఱ:
యతి పనికిరాదమ్మా. ప ఫ బ భ లకు వర్గయతి చెల్లుతుంది, కవి ఏది రాశాడో తేలదు. ప్రాసస్థానంలో, అంటే పాదంలో రెండో అక్షరంగా పడాలి. అక్కడ ప కు ఫ చెల్లదు. మొదట ఒక్క అక్షరం, ఆ వెంటనే పటాటోపం. ‘ఈ పటాటోప’ అనో ‘ఆ పటాటోప’ అనో మొదలైన పాదం దొరికిందా, మిగతా పాదాల్లో ప ఉందో ఫ ఉందో చూసుకుంటే సరి.

కృష్ణలంక:
ఫ ప్రాసతో నాలుగు పాదాలు రాసే కవి దొరకాలి ముందు.

బండి ఱ:
వెతుకుతాను. రెండు బీరువాలున్నాయి ఇంట్లో.

వరసలత్త:
అరసున్నా, చర్చి దగ్గరే ఉన్నావుగా. ఆ పలక మీద బొమ్మ ఉంటే జుట్టు ఉందో గుండో చూసి చెప్పు.