సెప్టెంబర్ 1 నుంచి బడులట... పిల్లల్ని పంపుతున్నారా, ఆపుతున్నారా?

హన్మకొండ_నాన్న | 25 ఆగస్టు 2021, రాత్రి 9:40

సోమవారం మన తెలంగాణ ముఖ్యమంత్రి సమీక్ష అయ్యాక చెప్పేశారు, కోవిడ్‌తో మూసినవి అంగన్‌వాడీ నుంచి యూనివర్సిటీ దాకా అన్నీ సెప్టెంబర్ 1న తెరుస్తారని. మా పాప 8వ తరగతి, బాబు 2వ తరగతి. బాబు ఒకటో తరగతి మొత్తం ఫోన్లోనే అయిపోయింది. వాడు బడి బెంచీ మీద చివరిసారి కూర్చున్నది యూకేజీలో.

మే నెలలో కోవిడ్‌తో మా నాన్న పోయారు. అమ్మకు షుగర్, ఒక్క డోసే పడింది. మా ఆవిడ పంపుదాం అంటోంది, నేను దసరా దాకా ఆగుదాం అంటున్నా. ఈలోగా స్కూలు గ్రూపులో ఒక ఫారం పెట్టారు. మా అంతట మేమే పంపుతున్నామని, ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదని సంతకం చేయాలట. అది చూశాక టెన్షన్ ఇంకా పెరిగింది. మీరేం చేస్తున్నారు?

దిల్‌సుఖ్‌నగర్_తండ్రి | రాత్రి 10:05

ఆ సంతకం అడిగారంటేనే అర్థం కావట్లేదా సార్? వాళ్లకే నమ్మకం లేదు. ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తెరిచారు, 24న ఆరు నుంచి ఎనిమిది. గురుకులాల్లో, హాస్టళ్లలో వరసగా కేసులు వచ్చాయి, మార్చి 24 నుంచి మళ్లీ తాళం. ఆ తర్వాత ఏప్రిల్, మే ఎలా గడిచాయో మీకు చెప్పక్కర్లేదు. ఇజ్రాయెల్‌లో కూడా 2020 మేలో తొందరపడి తెరిస్తే జెరూసలెంలో ఒక్క హైస్కూల్లోనే వంద మందికి పైగా పిల్లలకు అంటుకుంది. పిల్లలకు టీకా వచ్చేదాకా మా వాడు గడప దాటడు. ఒక ఏడాది పోతే పోయింది, ప్రాణం తిరిగొస్తుందా?

పాలమూరు_పంతులమ్మ | రాత్రి 10:50

"ఒక ఏడాది పోతే పోయింది" అన్నారు. అది ఎవరి ఏడాది అన్నదే నా ప్రశ్న.

మాది ప్రభుత్వ హైస్కూలు. పోయిన సెప్టెంబర్ నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వస్తున్నాయి, కాదనను. కానీ పాఠం వచ్చే టైముకు తల్లి పొలంలో ఉంటుంది, టీవీ ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టేవాళ్లు లేరు. ఇంటికి ఒకటే ఫోను, అది తండ్రి జేబులో పనికి పోతుంది. నేను వర్క్‌షీట్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్తే పిల్లలు పత్తి చేలో కలుపు తీస్తూ కనబడ్డారు. గట్టు మీద నిలబడే లెక్కలు చెప్పి వచ్చాను. నా తొమ్మిదో తరగతిలో ఇద్దరమ్మాయిలకు ఈ పద్దెనిమిది నెలల్లో పెళ్లి కుదిర్చారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఒకటి ఆగింది, ఇంకోటి మాకు తెలిసేసరికి అయిపోయింది.

వైన్ షాపులు 2020 మేలోనే తెరిచారు. సినిమా హాళ్లు తెరిచారు, ఎన్నికల సభలు జరిగాయి. అప్పుడు లేని భయం బడి అనేసరికే ఎందుకు వస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్_తండ్రి | రాత్రి 11:02

మేడం, మీ ఊరి బాధ నిజమే, కానీ వైన్ షాపు తెరవడం తప్పయితే దాన్ని మూయమని అడగాలి. ఒక తప్పు చూపించి ఇంకోటి చేస్తారా? మా వాడి క్లాసులో 48 మంది, ఏసీ గది, కిటికీలకు సీలు. మీ బడి వేరు, మా బడి వేరు.

కిటికీ_వాది | 26 ఆగస్టు, ఉదయం 6:30

ఈ చర్చ మొత్తంలో అసలు సంగతి ఇప్పటికి వచ్చింది. కిటికీలకు సీలు!

నేను ఏసీ పనుల్లో ఉన్న ఇంజినీరును, కాబట్టి నా పక్షపాతం నాకుంది. ఈ వైరస్ గాలిలో కూడా పోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఏడాది ఒప్పుకుంది. మన స్కూళ్లేమో ఇంకా గేటు దగ్గర థర్మల్ గన్ పెట్టి, బెంచీలకు హైపోక్లోరైట్ కొట్టి ఫొటోలు పెడుతున్నాయి. లక్షణాలు లేని పిల్లవాణ్ణి థర్మల్ గన్ ఏం పట్టుకుంటుంది? పాలమూరు మేడం గారి బడిలో పెచ్చులూడే గోడలుండొచ్చు, కానీ వరండా ఉంటుంది, చెట్టు ఉంటుంది, రెండు వైపులా కిటికీలుంటాయి. లక్షల ఫీజు కట్టే కార్పొరేట్ స్కూలు గదే ఈ జబ్బుకు అనువైన డబ్బా.

డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15నే తెరిచింది, అది కూడా ముందు చిన్న తరగతులు. పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా విడదీశారు, వీలైనంత ఆరుబయట కూర్చోబెట్టారు, ఒక గుంపు ఇంకో గుంపుతో కలవకుండా చూశారు. హన్మకొండ సార్, మీరు స్కూలును తెరుస్తున్నారా లేదా అని అడగొద్దు. గదిలో ఎంతమంది, కిటికీలు తెరుచుకుంటాయా, అన్నం ఎక్కడ తింటారు, ఆటోలో ఎంతమంది, ఇవి అడగండి. అన్నం సంగతి మరీ ముఖ్యం, మాస్కు తీసేది అప్పుడే కదా.

సుద్దముక్క | ఉదయం 7:15

ప్రైవేటు టీచరును. "ఫీజుల కోసమే తెరుస్తున్నారు" అని ఎవరో ఒకరు అనే ముందే నేనే చెప్తా. అవును, ఫీజుల కోసం కూడా. జీవో 46 ప్రకారం ట్యూషన్ ఫీజే తీసుకోవాలి, అదీ చాలామంది కట్టలేదు. యాజమాన్యం మొదట కోసింది మా జీతాలే. ఈ ఏప్రిల్‌లో ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది, సన్నబియ్యమే, బాగున్నాయి. దానికి ముందు ఆరు నెలలు నేను కూరగాయల బండి పెట్టుకున్నా. నా దగ్గర చదివిన పిల్లాడే వచ్చి అరకిలో టమాటా అడిగి, నన్ను గుర్తుపట్టి, బేరం ఆడకుండా వెళ్లిపోయాడు.

గుంటూరు_మిర్చి | ఉదయం 8:00

మా ఆంధ్రాలో 16నే తెరిచారు, మా పిల్లలు వెళ్తున్నారు. పోయిన నవంబర్ 2న తెరిచినప్పుడు మూడు రోజుల్లో 262 మంది పిల్లలకు, 160 మంది దాకా టీచర్లకు పాజిటివ్ అని టీవీలు ఊదరగొట్టాయి. ఆ రోజుల్లో బడికి వచ్చిన పిల్లలు దాదాపు 4 లక్షలు, టీచర్లు లక్షకు దగ్గర. పైగా మూడు రోజుల్లో బయటపడ్డాయంటే చాలావరకు ఇంటి దగ్గర తెచ్చుకున్నవే. ఆ మాట చెప్తే టీఆర్పీ రాదుగా.

కిటికీ_వాది | ఉదయం 8:20

లెక్క సరే అన్నా, కానీ పిల్లల కంటే టీచర్ల శాతం చాలా ఎక్కువ, చూశారా? పిల్లలు 4 లక్షల్లో 262, టీచర్లు లక్షలో 160. ఇక్కడ ఎవరూ టీచర్ల గురించి అడగట్లేదు.

పిల్లల_వార్డు_సిస్టర్ | మధ్యాహ్నం 2:10

డ్యూటీ దిగి రాస్తున్నా. జూన్, జూలైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రక్త పరీక్షలతో చేసిన సీరో సర్వేలో 6 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో సగానికి పైగా యాంటీబాడీలున్నాయి. అంటే బడులు మూసినా వాళ్లకు అంటుకుంది, ఇంట్లోనే. తెరిస్తే ముందు ప్రైమరీయే తెరవమని ఐసీఎంఆర్ డైరెక్టర్ బలరాం భార్గవ చెప్పారు. మనవాళ్లేమో ఎప్పుడూ పదో తరగతి నుంచి మొదలుపెడతారు, పరీక్షలున్నాయని.

పిల్లలకు అస్సలేం కాదని మాత్రం నేను అనను. కోవిడ్ తగ్గిన కొన్ని వారాలకు ఒళ్లంతా వాచి ఐసీయూకి వచ్చిన పిల్లల్ని చూశాను. తక్కువే, కానీ చూసినవాళ్లు మర్చిపోలేరు. హన్మకొండ అన్నా, మీ ఇంట్లో అసలు ప్రమాదం బాబుకు కాదు, మీ అమ్మగారికి. కోవిషీల్డ్ అయితే 84 రోజులు దాటగానే రెండో డోసు వేయించండి. డోసు పడి రెండు వారాలు గడిచాక బాబును పంపండి. మీ దసరా లెక్కా దాదాపు అక్కడికే వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్_తండ్రి | 31 ఆగస్టు, సాయంత్రం 6:45

హైకోర్టు ఆర్డర్ చూశారా అందరూ? ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఏ విద్యార్థినీ బలవంతపెట్టకూడదు, ప్రత్యక్ష తరగతులు పెట్టని స్కూళ్ల మీద చర్య తీసుకోకూడదు, గురుకులాలు, హాస్టళ్లు ఇప్పుడే తెరవకూడదు. మార్గదర్శకాలకు వారం గడువు. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

పాలమూరు_పంతులమ్మ | రాత్రి 8:30

బలవంతం వద్దన్నది సరే, నేనూ ఒప్పుకుంటాను. కానీ గురుకులాల పిల్లలెవరు? ఇంట్లో చదివే వీలు అసలే లేనివాళ్లు. ఏసీ గది స్కూలు రేపు తెరుచుకుంటుంది, వాళ్లది తెరుచుకోదు. ఒకే హాల్లో నలభై మంది పడుకుంటారు కాబట్టి కోర్టు భయం అర్థమవుతుంది, అయినా కడుపు మండుతుంది. మా బడి ఊడ్చడానికి స్కావెంజరు లేదు, పంచాయతీ వాళ్లు వచ్చి నిన్న ఒకసారి ఊడ్చిపోయారు. రేపటి సంగతి సర్పంచ్ గారిని అడగాలి.

హన్మకొండ_నాన్న | 5 సెప్టెంబర్ 2021

అందరికీ థాంక్స్. పాపను పంపుతున్నాం, బాబును ఆపాం. స్కూలుకెళ్లి కిటికీవాది గారి ప్రశ్నలన్నీ అడిగితే ప్రిన్సిపాల్ నన్ను ఇన్‌స్పెక్టర్‌ను చూసినట్టు చూశారు. గదికి 22 మంది, కిటికీలు తెరిచే ఉన్నాయి, ఆటో బదులు నేనే దింపుతున్నా. ఫారంలో "యాజమాన్యానికి బాధ్యత లేదు" అన్న లైను కొట్టేసి సంతకం పెట్టా, ఎవరూ అడగలేదు. అమ్మకు ఈ నెల 18న రెండో డోసు.

గుంటూరు_మిర్చి | 17 జనవరి 2022

సంక్రాంతి అయింది, మాకు ఇవాళ బడులు తెరిచారు. మీకు నెలాఖరు దాకా సెలవులు పొడిగించారట కదా. గాలిపటాలు ఇంకా ఎగరేస్తున్నారా?

కిటికీ_వాది | 21 జనవరి 2023

పాత థ్రెడ్ తవ్వినందుకు ఏమనుకోకండి. మొన్న అసర్ 2022 నివేదిక వచ్చింది, పల్లెల్లో పిల్లల చదువు కొలిచే సర్వే అది. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు 2018లో తెలంగాణలో 18.1 శాతం, ఇప్పుడు 5.2. ఆంధ్రాలో 22.6 నుంచి 10.3. అది చూసి ఈ థ్రెడ్ గుర్తొచ్చింది. మూసినందుకు కట్టిన ధర ఇది. మూయకపోయుంటే ఏం కట్టేవాళ్లమో ఎవరికీ తెలియదు, అది వేరే సంగతి. 2018 లెక్క కూడా గొప్పగా ఏం లేదు.

హన్మకొండ_నాన్న | అదే రోజు

మా బాబు ఇప్పుడు సరిగ్గా మూడో తరగతే సార్. 2021 అక్టోబర్ నుంచి పంపాం. ఒత్తులు రావడం లేదు, "అమ్మమ్మ"ను "అమమ" అని చదువుతాడు. ఇంగ్లిష్ మాత్రం గడగడా చదువుతాడు, అర్థం అడిగితే నవ్వుతాడు. అమ్మ బాగానే ఉంది.

పాలమూరు_పంతులమ్మ | అదే రోజు, రాత్రి

ఒత్తులకు నెల చాలు నాన్నగారూ, కంగారు పడకండి. నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారం ఆదివారం అరగంట బాబు చేత ఫోన్ చేయించండి, నేను చదివిస్తాను.

హన్మకొండ_నాన్న | అదే రోజు, రాత్రి

మళ్లీ ఫోన్లోనేనా మేడం!