పాత సిటీ వీటెక్‌ని మళ్లీ హైవే వేగానికి తేవాలంటే ముందు ఏది పట్టుకోవాలి?

వంశధార_గట్టు (పర్లాకిమిడి)

మాస్టార్లూ, ఇంట్లో 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ (వేగం పెరిగాక వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకునే ఏర్పాటు) ఉంది. 106 బీహెచ్‌పీ, 5 గేర్ల మాన్యువల్, 94 వేల కి.మీ. తిరిగింది. ఆ రోజుల్లో జోరు బళ్లంటే పాలియో 1.6, ఐకాన్ 1.6, ఇది, అంతే కదా. మూడేళ్లుగా షెడ్డులోనే ఉంది. నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేస్తున్నాం. టైమింగ్ బెల్టు (క్రాంక్‌తో పాటు వాల్వుల క్యామ్‌ని తిప్పేది) ఎప్పుడు మార్చారో కాగితం లేదు.

నరసన్నపేట దగ్గర 16వ నంబరు హైవే ఎక్కి వైజాగ్ దాకా నికరంగా 100 మీద పోవాలి. తర్వాత సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి జయపురం వెళ్లాలి. 5,000 ఆర్పీఎం దాటాక రావాల్సిన ఆ రెండో ఊపు ఇప్పుడు రావట్లేదు, బండి చప్పగా లాగుతోంది. ఇక్కడి మెకానిక్ ఇంజనాయిలు, ఎయిర్ ఫిల్టరు, 15 అంగుళాల అల్లాయ్‌లు, 100 ఆక్టేన్ పెట్రోలు అంటున్నాడు. ఏది ముందు, ఏది వెనక?

---

సుంకి_మలుపు (సెమిలిగుడ)

ముందు ఆ నెలనెలా స్టార్ట్ చేయడం ఆపండి. పది నిమిషాల్లో కూలెంట్ వేడెక్కుతుంది గాని సంపులో (ఇంజను అడుగు తొట్టిలో) ఆయిలు సరిగ్గా వేడెక్కదు. మంటలో పుట్టిన నీటి ఆవిరి ఆయిల్లోనూ సైలెన్సర్‌లోనూ మిగిలిపోయి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. పైగా ప్రతిసారీ వయసు తెలియని బెల్టు మీద జూదం ఆడుతున్నట్టే.

ఈ ఇంజనులో టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి. హెడ్ దింపాల్సిందే. లక్ష కి.మీ. అనే లెక్క పట్టుకుని ఇంకా ఆరు వేలు ఉంది కదా అనుకోకండి. రబ్బరుకి కి.మీ.లతో పాటు ఏళ్లు కూడా లెక్కే. కాగితం లేదంటే మార్చలేదనే అర్థం. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి బెల్టు, టెన్షనర్ (బెల్టుని బిగువుగా ఉంచేది), వాటర్ పంపు, క్యామ్ సీలు, క్రాంక్ సీలు అన్నీ ఒకేసారి మార్చండి. విడివిడిగా చేస్తే అదే కూలీ మళ్లీ మళ్లీ ఇవ్వాలి.

ఇక్కడ మన షెడ్లలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. హోండా డి సిరీస్ ఇంజను, పుల్లీ వైపు నుంచి చూస్తే, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. మారుతికి అలవాటు పడ్డ చెయ్యి సవ్యదిశలో తిప్పి టెన్షన్ పెట్టేస్తుంది. అప్పుడు వదులు తప్పు వైపు చేరి పన్ను జారుతుంది. పద్ధతి ఇది: బెల్టు వేశాక క్రాంక్‌ని ఎదురు దిశలోనే ఐదారు చుట్లు తిప్పి టీడీసీకి (మొదటి పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి) తేవాలి. టెన్షనర్ బోల్టు సగం చుట్టు వదలాలి. క్యామ్ పుల్లీ మీద మూడు పళ్లు కదిలేదాకా మళ్లీ ఎదురు దిశలోనే తిప్పి, అక్కడే బోల్టు బిగించాలి. గుర్తులు కలిశాయా లేదా మరోసారి చూడకుండా కవరు మూయనివ్వకండి.

కవరు విప్పినప్పుడే వాల్వు గ్యాపులు కూడా. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఇంటేక్ 0.18 నుంచి 0.22 మి.మీ., ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27. టకటక చప్పుడు లేదు కదా అని వదిలేయొద్దు. చప్పుడు చేసే వాల్వు కంటే గ్యాపు పోయి చప్పుడు చేయని ఎగ్జాస్ట్ వాల్వే హైవే మీద కాలిపోతుంది.

కూలింగ్ సంగతి. రేడియేటర్ పైన, కింద ఉండే ప్లాస్టిక్ ట్యాంకులు ఇన్నేళ్లకి గోధుమ రంగుకి తిరిగి పెళుసెక్కుతాయి, వేలుగోటితో గీస్తే పొడి రాలుతుంది. అలా ఉంటే రేడియేటరే మార్చాలి, అతుకులు ఘాట్‌లో నిలవవు. థర్మోస్టాట్, రెండు హోస్‌లు, రేడియేటర్ మూత కొత్తవి. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం, బోరు నీళ్లు వద్దు. నింపేటప్పుడు థర్మోస్టాట్ దగ్గరున్న బ్లీడ్ బోల్టు (గాలి బయటికి పోనిచ్చేది) వదిలి, బుడగల్లేని ధార వచ్చాక బిగించాలి. గాలి లోపల ఉండిపోతే ముల్లు మామూలుగానే కనిపిస్తుంది, హెడ్ మాత్రం ఉడుకుతుంది.

ఒక సంగతి ముందే చెప్తున్నా: కోరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి 900 మీటర్ల దరిదాపు. టర్బో లేని ఇంజనుకి అక్కడ పదో వంతు దాకా బలం తగ్గుతుంది. పొట్టంగి దాటాక చప్పబడితే ఇంజను పోయిందని కంగారు పడకండి.

---

బ్రేకు_నూనె (బరంపురం)

పై మాట సరే గాని ఇంజను పాడైతే బండి ఆగుతుంది. టైరో బ్రేకో పాడైతే బండి ఆగదు. నా వరస వేరు: టైర్లు, బ్రేకులు, తర్వాతే బెల్టు.

టైరు పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 1519 అంటే 2019లో 15వ వారం. ఆరేళ్లు దాటితే బటను ఎంత మిగిలినా హైవేకి పనికిరాదు. మూడేళ్లు ఒకేచోట నిలబడ్డ టైరు నేలకానిన చోట చదునుబడి, లోపలి తీగల అల్లిక కూడా దెబ్బతిని ఉండొచ్చు. కొత్తవి తీసుకుంటే డోరు దగ్గర స్టిక్కరు మీదున్న సైజే, లోడు అంకె అంతకు తగ్గకుండా, వేగం అక్షరం టి గాని హెచ్ గాని. టి అంటే 190, హెచ్ అంటే 210. టైర్లతో పాటు రబ్బరు వాల్వులు కూడా మార్పించండి, పాత వాల్వు మెడ పగిలి గాలి పోయేది సరిగ్గా వేగం మీదే. స్టెప్నీ తేదీ కూడా చూడాలి, అందరూ మర్చిపోయేది అదే.

15 అంగుళాల అల్లాయ్‌లు వద్దు. బరువు పెరుగుతుంది, పక్కగోడ పొట్టిదవుతుంది, పాతపట్నం రోడ్డు గుంటల్లో రిమ్ము వంగుతుంది. 106 గుర్రాల బండికి దానివల్ల లాభం సున్నా.

బ్రేకు నూనె గాల్లో తేమ పీలుస్తుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. సుంకి దిగుతూ పెడల్ నొక్కుతూ పోతే ఆ 155 అందుకోవడం పెద్ద పని కాదు. నూనె మరిగితే పైపులో ఆవిరి చేరి పెడల్ నేలకంటుతుంది. అలాగని పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది ప్యాడ్ల వేడి. రెండూ వేరు వేరు రోగాలు. ఒక లీటరు కొత్త డాట్ 4 తీసుకుని నాలుగు చక్రాల దగ్గరా శుభ్రమైన నూనె వచ్చేదాకా బ్లీడ్ చేయించండి. డాట్ 5 అని రాసున్న సిలికాన్ రకం దీనితో కలపకూడదు, 5.1 కలపొచ్చు. పేర్లు దగ్గరగా ఉన్నాయని షాపువాడు ఇచ్చింది పోయించేయకండి.

నాలుగు రబ్బరు బ్రేకు హోస్‌లు కూడా మార్చాలి. పైకి బాగానే ఉండి లోపల ఉబ్బుతాయి. నొక్కితే నూనె వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు, ప్యాడ్ డిస్కుని పట్టుకునే ఉంటుంది. పరీక్ష తేలిక: బ్రేకు ఎక్కువ వాడకుండా పది కి.మీ. నడిపి, చెయ్యి దగ్గరగా పెట్టి నాలుగు రిమ్ముల వేడి పోల్చండి. ఒకటి మాత్రం మండుతుంటే హోసో, కాలిపర్ స్లైడ్ పిన్నో. వెనక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ల చెమ్మ చూడండి. కొత్త ప్యాడ్లు వేస్తే 60 నుంచి 10 దాకా ఓ మోస్తరుగా ఎనిమిది పది సార్లు తగ్గించి, పూర్తిగా ఆపకుండా, తర్వాత చల్లారేలా ఊరికే నడపాలి.

ఎందుకింత చెబుతున్నానంటే, 100 నుంచి 140కి వెళ్తే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. పొడి రోడ్డు, మంచి టైర్ల మీద 100 నుంచి ఆగడానికి సుమారు 50 మీటర్లు, కాలు పెడల్ మీదికి వెళ్లే ఒకటిన్నర సెకనులో పోయేది ఇంకో 42. అదే 140 అయితే 96, 58. డివైడర్ సందులోంచి రాంగ్ సైడులో వచ్చే మోటారుసైకిలు అంత దూరం ఇవ్వదు. 2018 నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకి గరిష్ఠం 100. అంతకు మించిన సరదా ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది.

---

రాయగడ_స్పానర్

రెండు చిన్న మాటలు. 100 ఆక్టేన్ డబ్బు దండగ, ఈ కంప్రెషన్‌కి మామూలు పెట్రోలు చాలు. అసలు సమస్య ట్యాంకులో మూడేళ్లుగా ఉన్న పాత పెట్రోలు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చి అడుగున నీటి పొర కట్టొచ్చు. మొత్తం దింపించి, ఫిల్టరు మార్చి, ఇంజెక్టర్లు శుభ్రం చేయించండి. ఈ బండి ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కోసం చేసింది కాదు. ఇంజను దగ్గరి ఇంధన రబ్బరు గొట్టాలు కొత్త రకంతో మార్చి, నెలకోసారి వాసన, చెమ్మ చూసుకోండి.

ఆర్సీ చూసుకున్నారా? 15 ఏళ్లు దాటాక ఐదేసి ఏళ్లకి ఫారం 25 మీద రెన్యూ చేయించాలి. ఇన్సూరెన్సు తేదీ కూడా.

---

వంశధార_గట్టు

బాగా అర్థమైంది. అల్లాయ్‌లు మానేశాను. మరి ఆ 5,000 తర్వాత ఊపు ఎందుకు రావట్లేదు? ఇంకోటి, ఎండలో నిలబెట్టాక ఒక్కోసారి స్టార్ట్ కాదు, గంట ఆగితే అవుతుంది.

---

సుంకి_మలుపు (సెమిలిగుడ)

రెండిటికీ సంబంధం లేదు.

వీటెక్ అనేది ఆయిలు ఒత్తిడితో పనిచేస్తుంది, ఈ ఇంజనులో ఇంటేక్ వాల్వుల మీద మాత్రమే. ఆయిలు తక్కువున్నా, 20డబ్ల్యు-50 లాంటి చిక్కటిది పోసినా మొండికేస్తుంది. ఫిల్టరుతో కలిపి 3.3 లీటర్లు, 10డబ్ల్యు-30 చాలు. ఇంజను వేడెక్కకపోయినా, స్పీడు సెన్సరు పోయినా ఈసీయూ (ఇంజను కంప్యూటరు) దాన్ని తెరవనివ్వదు. కాబట్టి నిలబెట్టి రేస్ చేసి పరీక్షించకండి. తర్వాత హెడ్ పక్కనున్న సోలినాయిడ్ (కరెంటుతో ఆయిలు దారి తెరిచే వాల్వు) విప్పండి. కింద గ్యాస్కెట్‌లో చిన్న జల్లెడ ఉంటుంది, పాత ఆయిలు మడ్డితో మూసుకుపోయేది అదే. గ్యాస్కెట్ కొత్తది వేయాలి. సోలినాయిడ్ రెసిస్టెన్స్ 14 నుంచి 30 ఓమ్‌ల మధ్య ఉండాలి, 12 వోల్టులు ఇస్తే టక్కుమనాలి. చెక్ లైటు మెరుపుల్లో రెండు పొడుగు, ఒక పొట్టి వస్తే సోలినాయిడ్ కోడు. రెండు పొడుగు, రెండు పొట్టి అయితే ప్రెషర్ స్విచ్. 2003 చివర్లో వచ్చిన 77 బీహెచ్‌పీ సిటీకి ఈ గొడవే లేదు, ఆ ఊపూ లేదు.

ఎండలో స్టార్ట్ కాకపోవడం పాత హోండాల మెయిన్ రిలే జబ్బు. లోపలి టంకం బీటలువారి, వేడికి విడిపోయి, చల్లారితే అంటుకుంటుంది. స్టార్ట్ కానప్పుడు తాళం ఆన్ చేసి వినండి: వెనక పెట్రోలు పంపు రెండు సెకన్లు మోగాలి. మోగకపోతే రిలే విప్పి టంకాలు మళ్లీ వేయించండి, టీవీ రిపేరు అబ్బాయి అరగంటలో చేస్తాడు. పంపు మోగుతున్నా స్టార్ట్ కాకపోతే, నడుస్తూ నడుస్తూ ఆరిపోతే, డిస్ట్రిబ్యూటర్ లోపలి ఇగ్నైటర్ (ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే భాగం) అనుమానించాలి. అది ఊళ్లో దొరకదు, వైజాగో భువనేశ్వరో చూడాలి.

---

బ్రేకు_నూనె (బరంపురం)

అన్నీ అయ్యాక నేరుగా వైజాగ్ బయల్దేరకండి. గుణుపురం వైపు 50 కి.మీ., 60-80 మధ్య నడిపి వచ్చి, చల్లారాక కూలెంట్ మట్టం చూసి, వీల్ నట్లు టార్క్ రెంచితో 108 న్యూటన్ మీటర్లకి మళ్లీ బిగించండి. 90-110 మధ్య స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్, సీటు వణికితే వెనకవి, బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కు. వానాకాలం అయితే గాలి ఇంకా ముఖ్యం: నీళ్లు నిలిచిన రోడ్డు మీద అరిగిన టైరు 32 పీఎస్ఐ దగ్గర దాదాపు 94 కి.మీ. వేగానికి నీటి మీద తేలితే, 24 ఉన్నప్పుడు 82కే తేలిపోతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి, బంకుకి పది కి.మీ. నడిపి వెళ్లి కాదు.