సన్నని గాజు ఫైబర్ సెన్సార్: పూత వేస్తే సున్నితత్వం పోతుందా?

ప్రశ్న:
సింగిల్ మోడ్ (కాంతి ఒకే రీతిలో నడిచే) ఆప్టికల్ ఫైబర్‌ను మంటపై వేడిచేసి, రెండు వైపులా నెమ్మదిగా సాగదీసి, ఒక మైక్రోమీటరు మందానికి తెచ్చి, దానితో ద్రవాల వక్రీభవన గుణకాన్ని (కాంతి వేగాన్ని ఎంత తగ్గిస్తాయో తెలిపే సంఖ్యను) కొలుస్తున్నాను. నీటిచుక్క తగిలితే చాలు, అవుట్‌పుట్ మారుతోంది. అయితే ఏదీ తాకకుండా గాలిలో ఉంచినా సిగ్నల్ క్రమంగా పడిపోతోంది. పాలిమర్ పూత వేస్తే రక్షణ కలుగుతుందా, లేక సున్నితత్వమే పోతుందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
మామూలు ఫైబర్‌లో కాంతి సుమారు 9 మైక్రోమీటర్ల వ్యాసమున్న నడిమి భాగమైన కోర్‌లో నడుస్తుంది. చుట్టూ 125 మైక్రోమీటర్ల వ్యాసం వరకు క్లాడింగ్ అనే గాజు పొర ఉంటుంది కనుక బయట ఏమున్నా దానికి పట్టదు. సాగదీసినప్పుడు కోర్ కాంతిని పట్టి ఉంచలేనంతగా చిక్కిపోతుంది. అప్పుడు గాజు పోగు మొత్తం కోర్‌గానూ, చుట్టూ ఉన్న గాలి లేదా నీరు క్లాడింగ్‌గానూ పనిచేస్తాయి. వ్యాసం తరంగదైర్ఘ్యం కన్నా తగ్గేకొద్దీ కాంతిశక్తిలో పెద్ద భాగం గాజు వెలుపల ఇవానెసెంట్ క్షేత్రంగా (ఉపరితలాన్ని అంటి ఉండి, దూరం పోయేకొద్దీ వేగంగా క్షీణించే కాంతిగా) ప్రయాణిస్తుంది. ఇంత సన్నని సిలికా తీగల్లోనూ కాంతిని తక్కువ నష్టంతో నడపవచ్చని లిమిన్ టాంగ్, ఎరిక్ మజూర్ బృందం 2003లో నేచర్ పత్రికలో చూపింది. మీ నీటిచుక్కను పసిగట్టేదీ, ధూళి కణానికి చెదిరిపోయేదీ ఈ క్షేత్రమే. చీకటి గదిలో ఎర్ర లేజర్ పంపి చూడండి. ధూళి అంటిన చోటల్లా చుక్కలు మెరుస్తాయి.

రెండవ సమాధానం:
పూత విషయంలో ముందు చూడవలసింది వక్రీభవన గుణకం; పూతది గాజుకన్నా తక్కువైతేనే కాంతి పోగులో నిలుస్తుంది. 1550 నానోమీటర్ల వద్ద సిలికాది 1.44, అనేక మామూలు జిగురులది అంతకన్నా ఎక్కువ కనుక, అవి తగిలిన చోట కాంతి బయటికి కారిపోతుంది. సుమారు 1.40 గల పీడీఎంఎస్ (ఒక సిలికోన్ పాలిమర్), ఇంకా తక్కువ గల టెఫ్లాన్ ఏఎఫ్ (ఒక ఫ్లోరిన్ పాలిమర్) పనికివస్తాయి. కానీ క్షేత్రం ఉపరితలం నుంచి దాదాపు ఒక తరంగదైర్ఘ్యం దూరంలోనే క్షీణిస్తుంది. మందంగా పూస్తే అది ద్రవం దాకా చేరదు. అలాంటి పోగు పీడనానికో వంపుకో బాగా స్పందించవచ్చు, మీ పనికి మాత్రం రాదు. పైగా పీడీఎంఎస్ గుణకం ఉష్ణోగ్రతతో గాజుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా మారుతుంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. అంటే పోగును తెరిచే ఉంచి, మూసిన పెట్టెలో అమర్చడమే మేలా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
అవునండీ. సాగదీసిన వెంటనే, ధూళి పట్టకముందే, ద్రవం వచ్చి పోయే సన్నని కాలువలో బిగించి మూసేయండి. జిగురు మాత్రం సాగని మందపాటి చివరల మీదే వేయాలి.