టైమ్-వెయిట్ బాధ తప్పడానికి సాకెట్‌ను రీసెట్‌తో మూయవచ్చా?

ప్రాక్సీ_కాపరి: మా ప్రాక్సీ (క్లయింట్లకూ సర్వర్‌కూ మధ్య నిలిచే ప్రోగ్రాము) ఒకే బ్యాకెండ్‌కు, అంటే వెనుకనున్న సర్వర్‌కు, సెకనుకు దాదాపు 600 చిన్న టీసీపీ కనెక్షన్లు తెరిచి, పని కాగానే తానే మూసేస్తుంది. లినక్స్‌లో ఇందుకు దొరికే పోర్టులు మామూలుగా 32768 నుంచి 60999 వరకే. ముందుగా మూసిన పక్షం 60 సెకన్లు టైమ్-వెయిట్‌లో, అంటే పోర్టును వదలకుండా వేచి ఉండే స్థితిలో, ఉండాలి కనుక సెకనుకు 470 దాటితే పోర్టులు నిండుకుంటాయి. సో-లింగర్ (మూసేటప్పుడు మిగిలిన డేటా కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సాకెట్ ఆప్షన్) గడువును సున్నా చేసి క్లోజ్ పిలవగానే ఇబ్బంది పోయింది. అయినా సహోద్యోగులు ఇది తప్పంటున్నారు. ఎందుకు తప్పు?

పాత_కెర్నెల్: ఎందుకంటే అప్పుడు క్లోజ్ ఫిన్ (మర్యాదగా ముగింపు తెలిపే ప్యాకెట్) పంపదు, పంపవలసిన బఫరులో మిగిలిన బైట్లను పారవేసి రీసెట్ (కనెక్షన్‌ను ఉన్నపళంగా తెంచే ప్యాకెట్) పంపుతుంది. రైట్ విజయవంతమైందంటే డేటా ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ చేతికి అందిందనే గాని అవతలి ప్రోగ్రాముకు చేరిందని కాదు. పైగా టైమ్-వెయిట్ ఊరికే పెట్టింది కాదు: మన చివరి ఏక్ (అందిందని చెప్పే ప్యాకెట్) దారిలో తప్పిపోతే అవతలివారు మళ్ళీ పంపే ఫిన్‌కు బదులివ్వడానికీ, పాత కనెక్షన్ తాలూకు ఆలస్యపు ప్యాకెట్లు అదే పోర్టుల జంటపై తెరిచిన కొత్త కనెక్షన్‌లో చొరబడకుండా ఆపడానికీ అది ఉంది. దాన్ని అర్ధాంతరంగా తుడిచేస్తే వచ్చే ప్రమాదాలను 1992 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1337 (ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఒకటి) వివరించింది.

ప్రాక్సీ_కాపరి: జవాబు పూర్తిగా చదివాకే మూస్తాం. ఇక పోవడానికి బైట్లెక్కడివి?

నాలుగో_పొర: ఆ మేరకు మీ మాట నిజమే, జవాబు వచ్చిందంటే అభ్యర్థన చేరినట్టే. కాని ఆ షరతు కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు, రేపు ఎవరో జవాబు అక్కరలేని సందేశం ఒకటి చేరుస్తారు, అది అప్పుడప్పుడు మాయమవుతుంటే కారణం నెలల తరబడి దొరకదు. మీ అసలు జబ్బు మూయడంలో లేదు, ప్రతిసారీ కొత్తగా తెరవడంలో ఉంది. కనెక్షన్ల పూల్ (తెరిచిన వాటినే మళ్ళీ మళ్ళీ వాడే ఏర్పాటు) పెట్టండి. అది కుదరకపోతే టైమ్‌స్టాంపులు (ప్యాకెట్లపై వేసే సమయ ముద్రలు) ఉంచి, టైమ్-వెయిట్‌లోని పోర్టును కొత్త కనెక్షన్‌కు వాడనిచ్చే టీసీపీ-టీడబ్ల్యూ-రీయూజ్ అనే లినక్స్ సెట్టింగ్ వాడండి. పాత వ్యాసాలు చూసి టీసీపీ-టీడబ్ల్యూ-రీసైకిల్ అనే సెట్టింగ్ జోలికి పోకండి. ఒకే నాట్ (పలు యంత్రాలు ఒకే ఐపీ చిరునామా పంచుకునే ఏర్పాటు) వెనుక ఉన్న క్లయింట్లను అది అడ్డుకునేది, 2017లో లినక్స్ 4.12 నుంచి తీసేశారు.

పాత_కెర్నెల్: ఇంకొకటి. చదవని బైట్లు మిగిలుండగా మూస్తే లినక్స్ మామూలు క్లోజ్‌కూ రీసెట్టే పంపుతుంది. అందుకే మర్యాదగా ముగించాలంటే రాసే వైపును షట్‌డౌన్ చేసి, రీడ్ సున్నా ఇచ్చేదాకా, అంటే అవతలివారూ పంపడం ముగించేదాకా, చదివి, ఆపైన క్లోజ్ చేయాలి. ఆ చదవడానికి గడువు తప్పనిసరి, లేకుంటే మొండి క్లయింటు మిమ్మల్ని కట్టిపడేస్తాడు.

ప్రాక్సీ_కాపరి: పూల్ పెడతాను. అయితే గడువు మీరినా పలకని బ్యాకెండ్‌ను వదిలించుకునే చోట మాత్రం సున్నా లింగర్‌ను తీయను.

పాత_కెర్నెల్: అక్కడ తీయనక్కరలేదు. అది ఉన్నదే అందుకు.