సర్వర్ గది ఏసీ 18లోనే ఉంచాలా, 25కు పెంచాలా?

పెన్నాగట్టు (నెల్లూరు): మా కళాశాలలో సర్వర్ గది కరెంటు బిల్లు తగ్గించే పని నాకు అప్పగించారు. గదికి వచ్చే మొత్తం కరెంటును సర్వర్లు వాడుకున్న కరెంటుతో భాగిస్తే వచ్చేది పీయూఈ. 2007లో గ్రీన్ గ్రిడ్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇది. ఒకటికి ఎంత దగ్గరైతే అంత మేలు. జనవరిలో కొలిస్తే మాకు 1.6 వచ్చింది. ఏసీని 18 నుంచి 25కు పెంచాలని నా ఆలోచన. సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల వరకు ఉండవచ్చని ఆష్రే (ఏసీ రంగ ఇంజినీర్ల అమెరికా సంఘం) మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరేమంటారు?

సర్వర్‌కాపరి (ఒంగోలు): వద్దంటాను. సర్వర్ల కరెంటు కొలిచే మీటరు యూపీఎస్‌కు ముందు పెట్టారా, తర్వాత పెట్టారా? ముందు పెడితే యూపీఎస్‌లో వేడిగా పోయే కరెంటు కూడా సర్వర్ల ఖాతాలో పడుతుంది, పీయూఈ తగ్గినట్టు కనిపిస్తుంది. పైగా జనవరిలో కొలిచారు! ఏడాది మొత్తం మీద లెక్కించవలసిన అంకె అది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు కొలిచి అప్పుడు రండి.

కందుకూరు_కుర్రవాడు: ముందు గది తలుపు సందులు మూయించండి.

పెన్నాగట్టు: మీటరు యూపీఎస్‌కు ముందే పెట్టాను, ఒప్పుకుంటున్నాను. అంతమాత్రాన ఏసీ పెంచితే ఆదా కాదంటారా?

సర్వర్‌కాపరి: తప్పుగా కొలిచిన అంకెతో ఆదా గురించి ఏం మాట్లాడతాం? ఇంకొకటి వినండి. గాలి వేడెక్కితే సర్వర్ల లోపలి ఫ్యాన్లు వేగం పెంచుతాయి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే కరెంటు ఎనిమిది రెట్లు. ఆ కరెంటు కూడా సర్వర్ల ఖాతాలోదే. బిల్లు పెరిగినా పీయూఈ తగ్గే వీలుంది. మీరు చూపించే అంకె మిమ్మల్నే మోసం చేస్తుంది.

పెన్నాగట్టు: 25 దగ్గరే ఫ్యాన్లు అంత వేగంగా తిరుగుతాయా? మీరు చివరి మెట్టు చూపించి మొదటి మెట్టు ఎక్కవద్దంటున్నారు.

రొయ్యలచెరువు (ముత్తుకూరు): నాకు సర్వర్ల సంగతి తెలియదు. చెరువులో ఏరేటర్లు తిప్పేది నీటిలో ఆక్సిజన్ కోసం. తెల్లవారుజామున అది పడిపోతుంది కాబట్టి ఆ వేళ ఎక్కువ తిప్పుతాం. రొయ్యలు పట్టేసిన చెరువులో ఎవరూ తిప్పరు. మీ గదిలో పని లేకుండా తిరిగే సర్వర్లు ఎన్ని? దానికి కొలత ఉందా?

పెన్నాగట్టు: మంచి ప్రశ్న వేశారు అన్నా. వెళ్లి చూశాను. పాత ప్రవేశాల సాఫ్ట్‌వేర్ కోసం కొన్నవి నాలుగు. మూడేళ్లుగా వాటిని ఎవరూ ముట్టుకోలేదు, పచ్చ దీపాలు మాత్రం వెలుగుతున్నాయి.

సర్వర్‌కాపరి: ఆపేయండి. కానీ ఆపాక మీ పీయూఈ పాడవుతుంది, గుర్తుంచుకోండి. సర్వర్లు 20, ఏసీ లాంటి మిగతావి 20 యూనిట్లు అనుకుంటే పీయూఈ 2. సర్వర్లు 15కు తగ్గి, మిగతావి 18కి మాత్రమే తగ్గితే 2.2. బిల్లు 40 నుంచి 33 యూనిట్లకు దిగినా అంకె పెరిగింది. మీ పైవారికి ఏం చెబుతారు?

పెన్నాగట్టు: ఏ మాట చెప్పినా మీరు ఒక లెక్క అడ్డం పెడుతున్నారు. మీకు మార్పు అంటేనే భయం. పాత అలవాటును కాపాడుకోవడానికి ఇంత గణితం అవసరమా?

సర్వర్‌కాపరి: భయమే. దాచుకోవలసిన పని లేదు. 2019 మే నెలలో పై అధికారి నోటిమాట నమ్మి నా చేత్తోనే 24కు పెంచాను. పదో రోజు అర్ధరాత్రి కంప్రెసర్ ఆగిపోయింది. చల్లగా ఉన్న గది వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది, ఆ లోపు మనిషి చేరుకోవచ్చు. 24లో ఉంచితే ఆ వ్యవధి తగ్గుతుంది. స్కూటర్ మీద నేను వెళ్లేసరికి గదిలో 41 డిగ్రీలు, రెండు డిస్కులు పోయాయి. కంప్రెసర్ పాతదని నేను అంతకు ముందే రెండుసార్లు రాసి ఇచ్చాను, ఆ కాగితాలు ఎవరూ తీయలేదు. పుస్తకంలో 24 అని రాసి ఉన్న చోట నా సంతకం ఉంది, అదే చూపించారు. మూడు నెలలు జీతంలో కోత పడింది. బిల్లు తగ్గితే పేరు వారిది, సర్వర్ పోతే జీతం నాది. మీ గదిలో రాత్రి ఫోను ఎవరికి వస్తుంది?

రొయ్యలచెరువు: కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన రాత్రి చెరువు గట్టు మీద నేనూ అలాగే పరుగెత్తాను. మీ మాట నాకు అర్థమైంది.

పెన్నాగట్టు: రాత్రి ఫోను మా వెంకన్నకు వస్తుంది. ఒప్పంద ఉద్యోగి. అతన్ని అడగకుండానే ఇదంతా అనుకున్నాను, తప్పే. నిన్న ఒక పని చేశాను. సర్వర్లు పేర్చిన ర్యాక్ (అరల చట్రం) ముందు వైపు కింద ఒకటి, పైన ఒకటి థర్మామీటర్ కట్టాను. కింద 19, పైన 28! ఖాళీ అరల గుండా సర్వర్ల వెనక వైపు వేడి గాలి ముందుకు వస్తోంది. ప్రస్తుతానికి అట్ట ముక్కలు కోసి ఆ అరలు మూశాను. ఈ ఉదయం పైన 22.

సర్వర్‌కాపరి: అంటే ఏసీని 18లో పెట్టినా పై సర్వర్లకు 28 డిగ్రీల గాలే అందుతోందన్నమాట. మా గదిలో నేను పైన ఎప్పుడూ కొలవలేదు. అట్ట తీసేసి రేకు మూతలు వేయించండి, అట్టకు నిప్పు భయం ఉంది.

పెన్నాగట్టు: వేయిస్తాను. తర్వాత వారానికి ఒక డిగ్రీ చొప్పున పెంచుతాం. ఏ డిగ్రీ పెంచినా ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఉత్తరం, ఆపైనే రిమోట్ ముట్టుకోవడం. రెండో ఏసీ కూడా అడుగుతున్నాను.

సర్వర్‌కాపరి: ఉత్తరం చేతికి వచ్చాక ఇక్కడ చెప్పండి. అప్పటిదాకా 18లోనే ఉంచండి.